శుక్రవారం పంపని గాలి

గాలి పుస్తకం, ఎనభై ఒకటో గాలి. నడిసముద్రంలో తూర్పు తెప్ప మీద వంట, నీటి కొలత, ఒడ్డుతో మాట, ఈ మూడు పనులూ చూసే మాణిక్యం రాస్తున్నది.

ఒకటో రోజు, శనివారం

తెల్లవారి ఆరుంబావుకు గాలి పుట్టింది. పైకి ఎగరేసిన మర గువ్వ పంపిన బొమ్మలో మబ్బుల గుంపు మొదటిసారి ఒక పూర్తి చుట్టు తిరిగింది. తెప్ప పెద్ద పరంజ్యోతి సారు గంట కొట్టారు. తెప్ప మీది పదకొండు మందిమీ వంటగదిలో చేరి తలా ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాం. నేను గోపాలుడి ముందు దీపం పెట్టి, ఈ బిడ్డ పదిమందికీ నీళ్ళిచ్చేది కావాలని దణ్ణం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం తాడు కొలత తీశాను. సముద్రంలోకి దించే ఆ తాడుకు పది బారలకొక థర్మామీటరు ఉంటుంది. పైన ముప్ఫై డిగ్రీలు. నలభై బారల లోతున ఇరవై ఎనిమిది. ఏటా ఆ లోతు నుంచి పైకి లాగిన థర్మామీటరు ఇత్తడి గొట్టం చేతికి జివ్వుమని తగిలేది. ఈసారి గోరువెచ్చగా ఉంది. అంకె పుస్తకంలో రాశాను. ఎవరూ అడగలేదు కనక ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు, సోమవారం

పొద్దున్నే ఎండతో కరెంటిచ్చే రేకుల మీద పట్టిన ఉప్పు కడిగాను. గువ్వలు నాలుగింటి రెక్కలు తుడిచాను. అవి గాలి కడుపులోకి ఎగిరి వెళ్ళి చూసి వస్తాయి. కళ్ళే గాని వాటికి మాట లేదు.

గాలి చెప్పినట్టే వింటోంది. సముద్రం అడుగు నుంచి చల్లటి నీళ్ళు తోడి పైకి పోసే గొట్టాలు మూడు వైపులా వరసలుగా ఉన్నాయి. పొయ్యి దగ్గర పిల్లిలాగా గాలి వెచ్చటి చోటే తిరుగుతుంది, చల్లటి నీళ్ళ మీదికి రాదు. మామూలు వానలు మా అమ్మమ్మ కాలంలోనే మానేశాయి. ఏడాదికి ఇట్లా ఒక్క గాలిని సాకి, ఒడ్డు వైపున్న పడమటి గొట్టాలు ఆపి పంపితే, అది మోసుకెళ్ళిన నీళ్ళతోనే ఊళ్ళు మళ్ళీ ఏడాది దాకా బతకాలి.

గొట్టాల పని కాసులుది. మా కొత్తమొగ పిల్లే. తెప్ప మీద మా ఊరి వాళ్ళం మేమిద్దరమే. వాళ్ళమ్మ, మూడేళ్ళ కూతురు ఊళ్ళో ఉన్నారు. ఇవాళ పడమటి వరసలో ఒక గొట్టం బిగించి వచ్చి, పోలయ్య బాబాయి గుర్తొచ్చాడు పిన్నీ అంది. రెండేళ్ళ కిందట ఆ వరసలోనే గొట్టం తెగి మా ఊరి పోలయ్య మునిగిపోయాడు.

సముద్రంలో పోయిన మనిషికి శవం ఉండదు. అందుకని మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కబురు వినగానే ఊరంతా చంటిపిల్లలతో సహా, పొయ్యిలో నిప్పు ఆర్పేసి, నాలుగు కోసుల దూరంలో ఉన్న మెట్టకు నడిచి వెళ్తుంది. అక్కడి మంచినీళ్ళతో మైలస్నానం చేసి మూడు రోజులు అక్కడే ఉంటుంది. రక్తసంబంధమో తాళి సంబంధమో ఉన్నవాళ్ళు ఒక్కరు మాత్రం ఒడ్డున దీపం పెట్టుకుని కూర్చుంటారు, పోయినవాళ్ళు దారి తప్పకుండా ఇంటికి రావాలని. పోలయ్యకు వాళ్ళావిడ సుందరమ్మ కూర్చుంది.

ఐదో రోజు, బుధవారం

పదకొండు గంటలకు గాలి కన్ను తెరిచింది. కన్ను తెరిచిన రోజు పేరు పెడతాం. నేను అలివేలు అన్నాను, అందరూ ఒప్పుకున్నారు. వేగం గంటకు నూట ముప్ఫై కిలోమీటర్లు. ఆరోగ్యంగా ఉంది.

ఒడ్డుకు కబురు చెప్పాను. మా ఊరి వైపు మాట్లాడేది మా అక్క వరహాలు. నాకంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది. నాకు అదీ, దానికి నేనూ తప్ప ఇంకెవరూ లేరు. ఇళ్ళ నీటితొట్లు అడుగంటాయనీ, పోయినేడు గాలి సన్నగా వచ్చి తొట్లు సగం కూడా నిండలేదనీ, ఈ ఏడు ఆడవాళ్ళందరూ సముద్రపు కట్ట మీదికి హారతి పళ్ళేలతో వస్తామంటున్నారనీ చెప్పింది. ఒడ్డుకు ఎప్పుడొస్తుందని అడిగింది. శుక్రవారం పంపి ఆదివారానికి చేరుస్తామని సారు అన్నారన్నాను.

“శుక్రవారమేంటే,” అంది అక్క. “కార్తీక శుక్రవారం పూట ఆడపిల్లని గడప దాటిత్తారా ఎవరన్నా? నువ్వుండి గూడా.”

నేను సిగ్గుపడ్డాను. ఆ మాట నాకే తట్టాల్సింది.

ఏడో రోజు, శుక్రవారం

పొద్దున్నే తలస్నానం చేసి, పూజ చేసుకుని సారు దగ్గరికి వెళ్ళాను. ఇవాళ పంపవద్దన్నాను. ఇంటి లక్ష్మి వెళ్ళిపోతుందంటారు అన్నాను. సారుకి ఇవి పట్టవు, కాని ఎదుటివాళ్ళ పట్టింపును తోసెయ్యరు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఒక్కరోజేగా మాణిక్యమ్మగారూ. కదలకుండా ఒకేచోట నిలబెడితే తన కింద నీళ్ళు తానే కెలుక్కుని చల్లబరుచుకుంటుంది. కాస్త నీరసిస్తుంది. ఒడ్డుకీ మంచిదే.”

ఇదివరకు రెండు గాలుల్ని అట్లాగే ఒక్కో రోజు ఆపాం. రెండూ నీరసించాయి.

కాసులు అన్నం తింటూ నన్ను ఆటపట్టించింది. “గాలిక్కూడా పుట్టిల్లూ అత్తారిల్లూ పెట్టేశావు పిన్నీ. ఇంక అల్లుడికి అలకపాన్పు ఒక్కటే తక్కువ.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కకు రేపు పంపుతున్నామని చెబితే చాలా సంతోషించింది.

సాయంత్రం వేగం నూట డెబ్భై.

ఎనిమిదో రోజు, శనివారం

నీరసించలేదు. తెల్లవారి నాలుగింటికి రెండు వందలు. తొమ్మిదింటికి రెండు వందల యాభై. కన్ను చిన్నదై సూది బెజ్జంలాగా బిగిసింది. ఇట్లాంటి కన్ను తెప్ప మీద పదమూడేళ్ళలో నేను చూడలేదు, సారూ చూడలేదు.

తాడు కొలతలు తెమ్మన్నారు. ఈ పుస్తకమే తీసుకెళ్ళి ముందు పెట్టాను. నలభై బారల దగ్గర ఏడు రోజుల అంకెలూ వేలు పెట్టి చదివారు. అది కింద నుంచి ఎంత కెలికినా వెచ్చటి నీళ్ళే పైకి వస్తున్నాయి. ఒకచోట ఆపి మేము దానికి ఇంకొక పూట కడుపునిండా అన్నం పెట్టాం.

“అడగలేదు కనక చెప్పలేదు సార్,” అన్నాను.

“నేను అడగాల్సింది,” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మొదటి రోజే ఇత్తడి గొట్టం గోరువెచ్చగా ఉందని నా చేతికి తెలుసు. నిన్న సారు ముందు నిలబడ్డప్పుడు అది నాకు గుర్తు రాలేదా, లేక శుక్రవారానికి అడ్డం వచ్చే మాట కనక వెనక్కి నెట్టేశానా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. స్వామికే తెలియాలి.

పదకొండింటికి పడమటి వరసలో గొట్టాలు పంతొమ్మిదింటికి పదమూడు తెగిపోయాయి. ఆ సందులోంచి అలివేలు బయటికి వెళ్ళింది. మేము పంపలేదు. పంపేటప్పుడు చదివే అంపకం మాటలు నేను చదవలేదు. తానే వెళ్ళింది.

తొమ్మిదో రోజు, ఆదివారం

దాని దారిలో నీళ్ళు చల్లబరచడానికి ఒడ్డు వైపు మిగిలిన గొట్టాలన్నీ తెరిచాం. రెండు వందల అరవై నుంచి రెండు వందల నలభైకి తగ్గింది, అంతే. రేపు సాయంత్రం నాలుగు ప్రాంతాల ఒడ్డు తాకుతుంది. నీళ్ళు మూడు మనిషి నిలువుల ఎత్తున లేస్తాయని సారు లెక్క. కొత్తమొగ కట్ట ఎత్తు ఒక నిలువు. మిగతా ఊళ్ళన్నీ లోపలి పెద్ద గట్టుకు అవతల ఉన్నాయి. ఇవతల ఉన్నది మా ఊరొక్కటే, ఎనిమిది వందల పన్నెండు గడపలు.

గట్టు కార్యాలయం వాళ్ళు ఎర్రజెండా ఎగరేశారు. ఏటా ఎగరేస్తారు. ఎర్రజెండా కనిపిస్తే మా ఊళ్ళో పిల్లలు గంతులేస్తారు, నీళ్ళొస్తున్నాయని. మచ్చిక చేసిన గాలులే తప్ప వేరేవి చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ బతికి లేరు.

ఎనిమిదింటికి అక్కతో మాట్లాడాను. ఇది మన మాట వినడం లేదనీ, ఊరు ఖాళీ చెయ్యమనీ చెప్పాను. ఊరి మైకులో అందరూ వింటున్నారు. వెనక ఎవరో నవ్వడం వినబడింది.

“ఏమే, నువ్వు చిన్నప్పుడు బావిలో కప్పని చూసి ఏడ్చినదానివి,” అంది అక్క. “పెద్ద గాలైతే తొట్లు నిండుతయ్. ఇప్పుడు మూతలు తీసుకోకుండా పోతే ఏడాదంతా ఏం తాగుతాం? అంపకం పూట అపశకునం మాటలు మాట్లాడమాకు. నీకేం గాదులే, కాస్త మజ్జిగ తాగి పడుకో.”

మళ్ళీ చెప్పాను. నా గొంతు పెద్దది కాదు. పెద్దగా చెప్పాలని చూస్తే ఏడుపు వచ్చింది. నాకు భయమేసిందనుకుని ఊరంతా నన్ను ఓదార్చింది.

సారు మాట్లాడారు. ఆయనకూ అట్లాగే, మర్యాదగా, సరేనండి చూసుకుంటామండి అని చెప్పారు. ఎవరూ కదలలేదు. గువ్వ బొమ్మలో కట్ట మీద ముగ్గులు కనబడుతున్నాయి.

పదకొండింటికి వంటగదిలో నేనూ కాసులూ కూర్చున్నాం. పొయ్యి వెలిగించలేదు. కాసులు తల ఎత్తకుండానే అంది.

“ఊరు ఊరంతా కదిలింది ఒక్కసారే పిన్నీ. పోలయ్య బాబాయి పోయినప్పుడు.”

చావు కబురైతే ఊరు కదులుతుందని ఇద్దరికీ ఒకేసారి అర్థమయింది.

“నా పేరు చెబుతా,” అంది.

“నీ పేరు చెబితే ఒడ్డున మీ అమ్మ కూర్చుంటుంది. ఒళ్ళో నీ కూతురుంటుంది.”

“మరి నీ పేరు చెబితే?”

నాకున్నది అక్క ఒక్కతే. మిగతా తొమ్మిది మందిదీ వేరే ఊళ్ళు. వాళ్ళ పేరు చెబితే కొత్తమొగ కదలదు.

దేవుడి ముందు కూర్చున్నాను. దీపం ఎదుట ఇంతవరకు అబద్ధమాడలేదు. స్వామీ, దీన్ని అబద్ధంగా రాసుకుంటావో ఏమని రాసుకుంటావో నీ ఇష్టం, దీపం మాత్రం నా అక్క చేత పెట్టించవద్దు అని వేడుకున్నాను. సారుకు చెప్పాను. ఆయన చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. బయటికి వెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

రెండింటికి కాసులు మైకు తీసుకుంది. నేను పక్కన పీట మీద కూర్చున్నాను.

“పెద్దమ్మా. మాణిక్యం పిన్ని పోయింది. పొద్దున నీతో మాట్లాడాక తాడు తీయడానికి దిగింది. తాడుతోపాటే పోయింది.”

అటువైపు ఊరి చప్పుడంతా ఆగిపోయింది. ఎక్కడో ఒక పళ్ళెం కింద పడి దొర్లింది. ఆ తర్వాత అక్క గొంతు వచ్చింది. ఏడవలేదు.

“పగలేనా పోయింది? చీకట్లో కాదు గదా?”

“పగలే పెద్దమ్మా.”

“మంచిది.”

నేను కాసులు చెయ్యి గిల్లాను. మేమిద్దరం ముందే అనుకున్న ఇంకో మాట ఉంది. కాసులు చెప్పింది. “పెద్దమ్మా, పిన్ని ఎప్పుడూ అంటా ఉండేది. తనకేమన్నా అయితే ఒడ్డున దీపం పెట్టొద్దని. నిన్ను గూడా ఊరితో మెట్టకి పొమ్మని. అదే ఆఖరి కోరిక.”

“అది అట్టాగే అంటది,” అంది అక్క. “ఒకళ్ళకి కష్టమియ్యకూడదు దానికి. చిన్నప్పుడు దీపం ఆరిపోతే నా కొంగు పట్టుకుని తెల్లార్లూ కూర్చునేది. దాన్ని చీకట్లో వదిలిపెట్టి నేను మెట్టెక్కనా? నువ్వు మైకు పెట్టెయ్యమ్మా. పిల్లల్ని బయల్దేరదియ్యాలి.”

నా చెయ్యి మీట మీద ఉంది. నొక్కి ఒక్కసారి అక్కా అంటే అక్క బతుకుతుంది. ఊరి మైకు దగ్గర ఎనిమిది వందల పన్నెండు గడపలూ నిలబడి వింటున్నాయి. నేను అక్కా అంటే వాళ్ళందరూ నవ్వి, ముగ్గుల దగ్గరికి వెళ్ళిపోతారు.

నొక్కలేదు.

పదో రోజు, సోమవారం

నిన్న సాయంత్రానికే ఊరు, మైకు ఆపేసి, బయల్దేరింది. ఇవాళ ఉదయం గువ్వ బొమ్మలో మెట్ట మీద తడి బట్టలు ఆరేసి ఉన్నాయి. మనుషుల్ని లెక్కపెట్టాలని చూశాను, కుదరలేదు. కాసులు వాళ్ళమ్మను గుర్తుపట్టింది, చంకలో పిల్లతో సహా. బొమ్మ మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చుంది. నన్ను చూడలేక మొహం తిప్పుకుంది.

ఒడ్డున కట్ట చివర ఒక్క మనిషి.

ఆ శుక్రవారం మాట తప్ప నేను పదమూడేళ్ళలో సారును ఏదీ అడగలేదు. ఇవాళ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. గువ్వను అక్క దగ్గరికి దించమన్నాను. దాని కాలికి నా చీర ముక్క ఏదన్నా కట్టి ఉంటే బాగుండేది. అప్పటికే అది అక్కడ ఉంది, మాకు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో. కళ్ళే గాని మాట లేదు. సారు దాన్ని ఊరి వైపుకు, మళ్ళీ మెట్ట వైపుకు తిప్పి తిప్పి చూపించారు, వెళ్ళు వెళ్ళు అన్నట్టు. అక్క తలెత్తి చూసింది. నేను వచ్చాననుకుందో ఏమో, దాని వైపు చెయ్యి చాపింది.

మూడు గంటలకే ఆకాశం నల్లబడింది. గాలికి గువ్వ తల్లకిందులవుతోంది. సారు దాన్ని ఇంకా కిందికి, అక్క మొహం కనిపించేంత కిందికి తెచ్చారు. నుదుట బొట్టు చెరిగి ఉంది. అక్క దీపానికి కొంగు అడ్డం పెట్టింది. రెండు చేతులతో, పసిబిడ్డను కప్పినట్టు.

తర్వాత బొమ్మ పోయింది.

మూడూ యాభైకి అలివేలు ఒడ్డు తాకింది. వేగం రెండు వందల ముప్ఫై ఐదు. నీళ్ళు కట్ట మీదుగా రెండు నిలువుల ఎత్తున వెళ్ళాయి.

పన్నెండో రోజు, బుధవారం

అలివేలు నల్లగొండ దాటాక రాళ్ళ గుట్టల మీద చనిపోయింది. ఉదయం తొమ్మిదింటికి చుట్టు తిరగడం ఆగింది. పుట్టిన చోటు నుంచి పోయిన చోటుకు పదకొండు వందల కిలోమీటర్లు. దారి పొడుగునా వాన కురిసింది. లోపలి ఊళ్ళలో తొట్లన్నీ నిండాయట. వాళ్ళు మా తెప్పకు దణ్ణాలు పంపారు.

గాలి పోయిన చోటు రాశాక పుస్తకం మూసెయ్యాలి. అది ఆనవాయితీ. సారు దగ్గరికి తీసుకెళితే ఆయన మూయలేదు, నాకే తిరిగి ఇచ్చారు. మీరు ఒడ్డుకు వెళ్ళి వచ్చాక మూయండి అన్నారు.

పద్నాలుగో రోజు, శుక్రవారం

పడవలో నన్నూ కాసులునీ ఒడ్డున దించారు. కొత్తమొగ ఉన్న చోట ఊరు లేదు. తొట్ల గోడలు నాలుగైదు నిలబడి ఉన్నాయి, లోపల ఉప్పునీళ్ళు.

మెట్టకు చేరేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. ముందు పిల్లలు చూశారు. అరుస్తూ పారిపోయారు. పెద్దవాళ్ళు లేచి నిలబడి నా మొహం చూడలేదు, పాదాల వంక చూశారు, అవి ముందుకు ఉన్నాయో వెనక్కి ఉన్నాయోనని. నేను చెప్పులు విడిచి, అందరికీ కనబడేటట్టు మట్టిలో నిలబడ్డాను. నా మూడో రోజు కర్మ మంగళవారమే అయిపోయింది. పిండం పెట్టిన ఆకు ఇంకా అక్కడే ఉంది.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తాడు కొలత సంగతి చెప్పాను. శుక్రవారం ఆపించింది నేనేనని చెప్పాను. చావు కబురు అబద్ధమని చెప్పాను. నా గొంతు వినబడక వెనక వాళ్ళు ముందు వాళ్ళను అడిగి తెలుసుకున్నారు. ఒకాయన, మా పక్కింటి నరసయ్య, పిల్లల్ని దగ్గరికి లాక్కుని నన్ను తిట్టాడు. ఊరు పోయిందన్నాడు. అన్నాక పిల్లల తలలు తడిమి చూసుకుని ఏడ్చాడు.

పోలయ్య భార్య సుందరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“శుక్రవారం పంపుతామని నువ్వు అన్నా మేం ఒప్పుకునేవాళ్ళమా?” అంది. “మీ అక్క ఒప్పుకునేదా?”

ఎనిమిది వందల పన్నెండు గడపల్లో ఎనిమిది వందల పదకొండు మెట్ట మీద ఉన్నాయి. దీపం కుంది ఏదని సుందరమ్మను అడిగాను. తన మూటలోంచి తీసి ఇచ్చింది, పోలయ్యకు పెట్టినదే.

పదిహేనో రోజు, శనివారం

సముద్రంలో పోయిన మా అక్క కోసం ఊరు ఇంకో మూడు రోజులు మెట్ట మీదే ఉంటుంది. కాసులు కూతుర్ని ఎత్తుకుని సగం దూరం నాతో వచ్చింది. ఆ తర్వాత రాకూడదు. నేనొక్కదాన్నే ఒడ్డుకు వచ్చాను. కట్ట చివర ఎక్కడో నాకు సరిగ్గా తెలియలేదు, కట్ట లేదు కనక. గువ్వ బొమ్మలో చూసిన రాయి ఒకటి గుర్తుపట్టి దాని పక్కన కూర్చున్నాను.

నూనె మూడు రోజులకు సరిపడా ఉంది. సముద్రం మీద అలలు కూడా సరిగ్గా లేవు. గాలి అసలు లేదు. అయినా కొంగు అడ్డం పెట్టుకునే కూర్చున్నాను.

అక్క పోయింది వెలుతురు ఉండగానో, చీకటి కమ్మాకనో నాకు చెప్పేవాళ్ళు లేరు. అందుకని పగలు కూడా దీపం ఆర్పడం లేదు.